పాటలో సగమైన ధర... డబుల్స్ ఆడే అమ్మాయిదేనా?

పాట అనగానే మా కోనసీమ ఆడవాళ్ళకి ముందు గుర్తొచ్చేది సినిమా పాట కాదండీ, చీటీ పాట! నెలకోసారి ఇరవైమంది ఒకరింట్లో కూర్చుంటాం. అవసరం ఎక్కువున్నవాళ్ళు ఎక్కువ తగ్గించుకుని పాడుకుంటారు. ఎవరి తిప్పలు వాళ్ళవి. కానీ పాట మొదలయ్యే ముందే చీటీ మొత్తం ఎంతో, పాట ఎక్కణ్ణుంచి మొదలో అందరికీ తెలిసుండాలి. పాడేవాళ్ళకి చెప్పకుండా మధ్యలో ఆ లెక్క మార్చేస్తే ఊరుకుంటామా? వాకిట్లోనే పంచాయితీ పెట్టేస్తాం.

2013 జులై 22న ఢిల్లీలో ఒక పాట జరిగింది. అందులో సరిగ్గా ఇలాగే లెక్క మార్చేశారు. అక్కడ పాడింది చీటీని కాదు, ఆటగాళ్ళని. లెక్క మారింది ఇద్దరమ్మాయిల విషయంలో. ఆ ఇద్దరిలో ఒకరు మన తెలుగమ్మాయి గుత్తా జ్వాల. రెండోవారు కర్ణాటకకి చెందిన అశ్వినీ పొన్నప్ప.

పన్నెండేళ్ళు దాటిన సంగతి ఇప్పుడెందుకంటారా? అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఈమధ్య పిల్లలు రాకెట్ పట్టుకుని కనిపిస్తుంటే తల్లులకి ముచ్చటగా ఉంటోంది. కారణం మనందరికీ తెలిసిందే, మన ఊరి అబ్బాయి సాత్విక్ సాయిరాజ్. అయితే ఆ ముచ్చటలోనే ఒక సందేహం కూడా ఉంది. మా వీధిలో ఒకావిడ కూతురు ఎనిమిదో తరగతి. "మీ పాప డబుల్స్‌కి బాగుంటుందమ్మా" అన్నారట కోచ్. ఆవిడ నా దగ్గరికొచ్చి, "అక్కా, డబుల్స్ అంటే రెండో రకమే కదా? సింగిల్స్‌కి పనికిరాదనేగా అలా అన్నారు?" అని దిగులుపడింది. ఆ దిగులు ఎక్కణ్ణుంచి పుట్టిందో చెప్పాలంటే ఢిల్లీ పాట దగ్గరికే వెళ్ళాలి.

ఆ రోజు ఏం జరిగింది?

క్రికెట్‌లో ఐపీఎల్ చూసి బ్యాడ్మింటన్‌లో కూడా అలాంటిదే పెట్టారు. పేరు ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్. హైదరాబాద్, బెంగళూరు, లక్నో, ముంబయి, పుణె, ఢిల్లీ... మొత్తం ఆరు జట్లు. సైనా నెహ్వాల్, పి.వి. సింధు, కశ్యప్, జ్వాల, అశ్విని, మలేసియా ఆటగాడు లీ చాంగ్ వీ... ఈ ఆరుగురినీ 'ఐకాన్' ఆటగాళ్ళన్నారు. అంటే జట్టుకి ముఖచిత్రంలాంటి వాళ్ళు. వాళ్ళ పాట 50 వేల డాలర్ల దగ్గర మొదలవుతుందన్నారు. అప్పటి మారకం లెక్కన సుమారు 30 లక్షల రూపాయలు.

పాట సాగింది. లీ చాంగ్ వీ లక్షా 35 వేల డాలర్లకి ముంబయికి వెళ్ళాడు. సైనాని లక్షా 20 వేలకి హైదరాబాద్ తీసుకుంది. సింధు 80 వేలకి లక్నో జట్టుకి, కశ్యప్ 75 వేలకి బెంగళూరు జట్టుకి వెళ్ళారు. జ్వాల, అశ్విని వంతు వచ్చేసరికి మొదటి ధరే 50 వేలు కాదు, 25 వేలు! జ్వాలని ఢిల్లీ 31 వేలకి తీసుకుంది. అశ్విని సరిగ్గా 25 వేలకే పుణెకి వెళ్ళింది.

ధర సగానికి కోసే ముందు తమతో ఒక్క మాట కూడా అనలేదని ఇద్దరూ బహిరంగంగానే చెప్పారు. ఇది అవమానమన్నారు. వాళ్ళ కోపం డబ్బు తక్కువైనందుకు కాదు, చెప్పకుండా చేసినందుకు. గోల పెద్దదయ్యాక, తగ్గిన సొమ్ము భర్తీ చేస్తామన్న మాట నిర్వాహకుల నుంచి వచ్చింది. సొమ్ము భర్తీ అవుతుంది, మరి అందరిముందూ పోయిన పరువో?

ఇంతకీ ధర ఎందుకు తగ్గించారు? అసలు గుట్టు అక్కడుంది. ఈ లీగ్‌లో మహిళల డబుల్స్ ఆటనే తీసేశారు! జట్టూ జట్టూ తలపడితే అయిదు ఆటలు. పురుషుల సింగిల్స్ రెండు, మహిళల సింగిల్స్ ఒకటి, పురుషుల డబుల్స్ ఒకటి, మిక్స్‌డ్ డబుల్స్ ఒకటి. ఇక మహిళల డబుల్స్‌లో దేశానికి పతకాలు తెచ్చిన ఇద్దరమ్మాయిలకి మిగిలింది మిక్స్‌డ్ ఒక్కటే. "ఒక్క ఆట కోసం అంత ధరెందుకు?" అనుకున్నారు జట్ల యజమానులు. ఆట తీసేసిందీ వాళ్ళే, ఆట లేదు కాబట్టి ధర లేదన్నదీ వాళ్ళే.

ఎవరనుకుంటున్నారు జ్వాల అంటే?

జ్వాల 1983 సెప్టెంబరు 7న వార్ధాలో పుట్టింది. తండ్రి క్రాంతి తెలుగువారు, తల్లి యెలెన్ చైనా కుటుంబానికి చెందినావిడ. పెరిగిందీ, ఆట నేర్చిందీ హైదరాబాద్‌లో, ఎస్.ఎం. ఆరిఫ్ గారి దగ్గర. జాతీయ ఛాంపియన్‌గా 14 సార్లు నిలిచింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో అశ్వినితో కలిసి బంగారు పతకం గెలిచింది. 2011లో లండన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఈ జంట కాంస్యం తెచ్చింది. 1983లో ప్రకాశ్ పదుకొణె తెచ్చిన కాంస్యం తర్వాత, అంటే 28 ఏళ్ళకి ఆ పోటీల్లో మనకి దక్కిన పతకం అదే. 2012 లండన్ ఒలింపిక్స్‌కి మహిళల డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ రెండింటిలోనూ అర్హత సాధించింది.

ఆ ఒలింపిక్స్‌లో ఏమైందో తెలుసా? గ్రూపులో మూడు ఆటలకి రెండు గెలిచారు. ఇంకో రెండు జంటలు కూడా రెండేసి గెలవడంతో లెక్క పాయింట్ల దాకా వెళ్ళింది. ఒక్క పాయింటు తేడాతో క్వార్టర్ ఫైనల్ చేజారింది. ఒకే ఒక్క పాయింటు! ఇదంతా జరిగిన మరుసటి ఏడాదే ఆ సగం ధర పాట. ఆటలో లోటుంటే సరే అనుకోవచ్చు. ఇక్కడ లోటు ఆటలో లేదండీ, చూసేవాళ్ళ కంట్లో ఉంది.

జంట ఆటంటే అంత చులకనా?

బ్యాడ్మింటన్‌లో మొత్తం అయిదు విభాగాలుంటే అందులో డబుల్స్ మూడు. పురుషులది, మహిళలది, మిక్స్‌డ్. సగం కంటే ఎక్కువ ఆట డబుల్స్‌దే. పురుషులు ఆడే థామస్ కప్పులో, మహిళలు ఆడే ఉబెర్ కప్పులో అయిదు ఆటలకి రెండు డబుల్స్. స్త్రీ పురుషులు కలిసి ఆడే సుదిర్మన్ కప్పులో అయిదింట మూడు. డబుల్స్ బలం లేని దేశం జట్టుగా గెలవడం కష్టం.

కోర్టు పొడవు రెండింటికీ 44 అడుగులే. సింగిల్స్‌కి వెడల్పు 17 అడుగులైతే డబుల్స్‌కి 20. అంటే పెరిగింది మూడే అడుగులు, మనుషులు మాత్రం రెట్టింపు. అందుకే బంతి... అదే, షటిల్ కళ్ళు మూసి తెరిచేలోగా తిరిగొచ్చేస్తుంది. మనం కొట్టేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక. ఎదుటివాళ్ళు కొట్టేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన. ఈ మారడం రెప్పపాటులో, మాట లేకుండా జరిగిపోవాలి. పెళ్ళివంట చేసే తోడికోడళ్ళని చూడండి. ఒకరు పోపు వేస్తుంటే రెండోవారు అడక్కుండానే మూత పట్టుకుని నిలబడతారు. ఆ అందం ఏళ్ళ తరబడి కలిసి చేస్తేగాని రాదు. డబుల్స్ సరిగ్గా అలాంటిది.

నేను హైస్కూల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. ఉన్ని బంతి, జట్టుకి అయిదుగురు. గెలిచినరోజు అయిదుగురం గెలిచేవాళ్ళం. ఓడినరోజు మాత్రం తప్పెవరిదో వెదికేవాళ్ళు పెద్దలు! జంటగా ఆడేవాళ్ళకి ఈ బాధ ఎప్పుడూ ఉంటుంది. గెలుపు పంచుకోవాలి, ఓటమి మోయాలి. దాన్ని చులకన అనడానికి నాకైతే నోరు రాదు.

మన అమలాపురం అబ్బాయి

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000 ఆగస్టు 13న అమలాపురంలో పుట్టాడు. తండ్రి కాశీ విశ్వనాథం గారు వ్యాయామ ఉపాధ్యాయులు, తనూ బ్యాడ్మింటన్ ఆడినవారే. తల్లి రంగమణి గారూ ఉపాధ్యాయురాలు. 2014లో హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీకి వెళ్ళాడు. 2016లో మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ అతన్ని ముంబయి అబ్బాయి చిరాగ్ శెట్టితో జత కలిపారు. ఇద్దరూ వెనకనుంచి బాదే రకమే, మరి ముందెవరు నిలబడాలి? అక్కడ నేర్చుకోవాల్సి వచ్చింది సర్దుబాటు.

తర్వాత కథ పేపర్లలో చదివిందే. 2019లో థాయ్‌లాండ్ ఓపెన్, 2022 మేలో బ్యాంకాక్‌లో ఇండోనేసియాని 3-0తో ఓడించి గెలిచిన థామస్ కప్పు, అదే ఏడాది కామన్వెల్త్ స్వర్ణం, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్, ఇండోనేసియా ఓపెన్, అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో మన దేశానికి అదే మొదటి స్వర్ణం. ఆ వెంటనే ప్రపంచంలో నంబర్ వన్ జంట అయ్యారు. సాత్విక్ స్మాష్ వేగం గంటకి 565 కిలోమీటర్లని 2023లో గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. ఖేల్‌రత్న ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో కాశీ విశ్వనాథం గారు కన్నుమూశారు. ఆ ఏడాది ఆగస్టులో పారిస్‌లో సాత్విక్ జంట మళ్ళీ ప్రపంచ కాంస్యం గెలిచింది. చూడడానికి నాన్న లేరు.

సాత్విక్‌కీ జ్వాల కథకీ రెండు ముళ్ళున్నాయి. మొదటిది టోక్యో ఒలింపిక్స్. 2021లో జరిగిన ఆ పోటీల్లో సాత్విక్, చిరాగ్ గ్రూపులో మూడింట రెండు గెలిచారు. తర్వాత ఛాంపియన్లైన చైనీస్ తైపీ జంటని కూడా ఓడించారు. అయినా మూడు జంటలు సమానం కావడంతో గేముల లెక్కలో బయటికొచ్చేశారు. తొమ్మిదేళ్ళ కింద లండన్‌లో ఆ అమ్మాయిలకి జరిగిందీ అలాంటిదే!

రెండోది మరీ ముచ్చటైంది. 2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో కామన్వెల్త్ క్రీడలు. మిక్స్‌డ్ టీమ్ ఫైనల్లో మలేసియా మీద మొదటి ఆట మిక్స్‌డ్ డబుల్స్. మనవైపు దిగింది పదిహేడేళ్ళ సాత్విక్. పక్కన ఎవరో తెలుసా? పాటలో సగం ధర కట్టిన ఆ అశ్వినీ పొన్నప్పే. ఇద్దరూ కలిసి మలేసియా జంట చాన్ పెంగ్ సూన్, గో లియు యింగ్‌ని ఓడించారు. జట్టు స్వర్ణం గెలిచింది. మన కుర్రాడు మొదటి పెద్ద పతకం అందుకున్నప్పుడు చెయ్యి పట్టుకుని నడిపించిన అనుభవం ఆ అమ్మాయిది.

ఒకే వీధి, రెండు లెక్కలు

ఇప్పుడు ఒక్కటి ఊహించుకోండి. అమలాపురంలో ఒకే వీధిలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇద్దరూ డబుల్స్‌లో సమానంగా గట్టివాళ్ళు. లీగ్ పాటకి వెళ్ళారు. అబ్బాయికి పురుషుల డబుల్స్ ఉంది, మిక్స్‌డ్ కూడా ఉంది. అమ్మాయికి మిక్స్‌డ్ ఒక్కటే. ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ పోయి 2016లో ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ వచ్చింది. 2020 దాకా జరిగింది. అందులోనూ మహిళల డబుల్స్ లేదు. పిల్లల్లో తేడా లేదు, పెట్టిన పద్ధతిలోనే తేడా ఉంది. ఇంట్లో అన్నకి రెండు గరిటెలు, చెల్లికి ఒక గరిటె వడ్డించి, "చెల్లి తక్కువ తింటుంది" అన్నట్టు!

వేరే దేశాల్లో ఎలా?

పాట లేకుండా ఆటగాళ్ళని పంచుకునే పద్ధతి కూడా ఉంది. ఆస్ట్రేలియాలో వాళ్ళ సొంత ఫుట్‌బాల్ ఉంది. కోలగా ఉండే మైదానం, కోలగా ఉండే బంతి, జట్టుకి 18 మంది. 1986 నుంచి అక్కడ కుర్రాళ్ళని 'డ్రాఫ్ట్'లో తీసుకుంటున్నారు. కిందటి ఏడాది ఆఖరున నిలిచిన జట్టుకి ముందు ఎంచుకునే అవకాశం. బీదజట్టు బాగుపడాలని ఆ ఏర్పాటు. కొత్తగా వచ్చిన కుర్రాడికి మొదట్లో ఎంత ఇవ్వాలన్నది లీగూ, ఆటగాళ్ళ సంఘమూ కూర్చుని రాసుకున్న ఒప్పందంలో ఉంటుంది. ఎవరూ రాత్రికి రాత్రి సగం చెయ్యలేరు.

అలాగని అక్కడ గొడవల్లేవని కాదు. ఆఖరున ఉంటే ముందు ఎంపిక దక్కుతుంది కదా! 2009లో మెల్‌బోర్న్ జట్టు కావాలనే ఓడిందన్న ఆరోపణ వచ్చింది. జట్టు కావాలని ఓడినట్టు తేలలేదుగానీ, ఇద్దరి నడవడి తప్పని చెప్పి 2013లో జట్టుకి 5 లక్షల డాలర్ల జరిమానా వేశారు. మరో సంగతి. ఆ ఆటలో ఆడవాళ్ళ జాతీయ లీగ్ మొదలైంది 2017లోనే. ఫిబ్రవరి 3న మెల్‌బోర్న్‌లో మొదటి ఆటకి 24 వేలకి పైగా జనం వచ్చారు. స్థలం చాలక గేట్లు మూసేశారు! "ఆడవాళ్ళ ఆట ఎవరు చూస్తారు?" అనేవాళ్ళకి ఇదొక జవాబు. చూపిస్తే చూస్తారండీ.

నోరెత్తితే ఏమైంది?

జ్వాల కథ పాటతో అయిపోలేదు. అదే ఏడాది ఆగస్టులో ఢిల్లీ, బెంగళూరు జట్ల ఆటరోజు, గాయపడిన ఆటగాడి బదులు చివరి నిమిషంలో ఇంకొకరిని దింపడం మీద ఢిల్లీ జట్టు అభ్యంతరం చెప్పింది. ఆట ఆలస్యమైంది. జట్టుని ఆడకుండా ఆపే ప్రయత్నం చేసిందని జ్వాల మీద ఆరోపణ పెట్టి, జీవితకాలం నిషేధించాలని బ్యాడ్మింటన్ సంఘం క్రమశిక్షణ కమిటీ సిఫారసు చేసింది. జీవితకాలం! ఆమె ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. ఆమెని ఆడనివ్వాలని 2013 అక్టోబరులో కోర్టు చెప్పింది.

ఆడనిచ్చాక ఏం చేసింది? 2014లో ఢిల్లీలో జరిగిన ఉబెర్ కప్పులో మన జట్టు కాంస్యం గెలిస్తే అందులో ఆమె ఉంది. అదే ఏడాది గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో అశ్వినితో కలిసి వెండి పతకం, 2015లో కెనడా ఓపెన్ టైటిల్. నిషేధం నిలిచుంటే ఈ పతకాలు లేవు. ఎదురు ప్రశ్నించిన ఆడపిల్లని మనవాళ్ళు 'తలబిరుసు' అంటారు. మగపిల్లాడు అదే మాటంటే 'పౌరుషం' అంటారు. పేరేదైనా, అడగబట్టే ఆమె ఆట బతికింది.

ఇప్పుడేం మారింది?

కొంచెం మారింది. గాయత్రి గోపీచంద్, కేరళ అమ్మాయి ట్రీసా జాలీ జంటగా 2022, 2023 రెండేళ్ళూ ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్ చేరారు. 2022 కామన్వెల్త్‌లో కాంస్యం తెచ్చారు. జ్వాల ఇప్పుడు సొంతంగా అకాడమీ పెట్టింది. క్రికెట్‌లో 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ వచ్చింది. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిని ఢిల్లీ జట్టు 2024 డిసెంబరులో 55 లక్షలకి తీసుకుంది. 2025 నవంబరులో ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఉన్నాక, అదే నెల పాటలో అదే జట్టు కోటీ 30 లక్షలు పెట్టింది. ఆట ఉంటే ధర దానంతటదే వస్తుంది. అందుకే అన్నిటికంటే ముందు అడగాల్సింది ఆట గురించి.

అమ్మలూ, ఈ సంగతులు అడగండి

పిల్లని ఏ అకాడమీలో చేర్చినా, ఏ జట్టుకి పంపినా, సంతకం పెట్టే ముందు నాలుగు మాటలు అడగడానికి మొహమాటపడకండి. ఆ పోటీలో అమ్మాయిల డబుల్స్ ఉందా, లేదా? ఇస్తామన్న సొమ్ము కాగితం మీద ఉందా? అది మార్చాలంటే మన సంతకం కావాలని రాశారా? దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది? జత మార్చేటప్పుడు పిల్లకి ముందు చెబుతారా? ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పుకోవాలి? ప్రతి కాగితం నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఇవి అడిగితే పిల్ల అవకాశం పోతుందేమోనని భయపడతాం. అడగడం తప్పనే చోట అవకాశం కూడా గట్టిది కాదు.

మా వీధి ఆవిడకి నేను చెప్పింది ఇదే. డబుల్స్ రెండో రకం కాదు, ఇద్దరి ఆట. పిల్లకి ఇష్టమైతే ఆడనివ్వు. "నీకు రానందుకే ఇది" అని మాత్రం పిల్ల చెవిన పడనివ్వకు. ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది. పాప మాత్రం ఆలోచించట్లేదు. పక్కింటి పిల్లని జత చేసుకుని, మేడ మీద తాడు కట్టి సాయంత్రాలు ఆడేస్తోంది.